ముల్లు చూసి గాని నమ్మని మనిషి

మొన్న కారు టైర్లు మార్పించడానికి మా మేనకోడలితో షాపుకి వెళ్లాను. అక్కడి మెకానిక్కు గాలి మిషను పెట్టి చక్రాల నట్లన్నీ బుర్రుబుర్రుమని బిగించేసి, చేతులు తుడుచుకున్నాడు.

"నట్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచి లేదా బాబూ?" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "అదెందుకు మామ్మగారూ? ఇరవై ఏళ్ల సెయ్యి ఇది. తప్పు సెయ్యదు."

మా మేనకోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ మాట వింటే ఒకాయన ఏమనేవాడో నాకు తెలుసు. "ఇరవై ఏళ్లబట్టీ అబద్దవాడతన్న సెయ్యన్నమాట" అనేవాడు. నవ్వకుండా అనేవాడు. అని, వంగి, ఆ నట్టుని తనే ఒకసారి పట్టి చూసేవాడు.

ఆయన పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు చుట్టరికం కలుపుకుని, మావాడి గురించి ఇలా రాశావేమిటని వస్తారు. ఆయనకి ఉన్న చుట్టాలు అలాంటివాళ్లే.

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో కాన్పుల డాక్టరుని. పుట్టి పెరిగింది విజయనగరంలో, పంతుళ్ల ఇంట్లో. మా ఇంట్లో వీణ బిరడాలు తిప్పడం తప్ప ఇంకేదీ తిప్పడం ఎవరికీ రాదు. అలాంటి ఇంటి పిల్ల బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక డాక్టరు దగ్గర పాత చిన్న కారు కొనుక్కుని పల్లెలకి తనే నడుపుకుంటూ వెళుతోందంటే ఊరంతా అనుమానంగానే చూసింది. అరసవల్లి రోడ్డులో నేను అద్దెకున్న పెంకుటింటికి ఆయన ఇల్లు పక్కవాటా. మధ్యలో మొలెత్తు గోడ. ఆయనా అనుమానంగానే చూశాడు గాని, నన్ను కాదు. నా కారుని.

ఎప్పుడూ తెల్ల బనీను, మోకాళ్ల కిందికి పంచె, చెవి వెనక పెన్సిలు. ఆమదాలవలస వైపు రైతు కుటుంబం. పొలం అన్నదమ్ములు చేసేవారు, ఆయన వాటా ధాన్యం బండి మీద ఇంటికి వచ్చేది. వచ్చిన ప్రతి బస్తాలోనూ మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న గింజలు పైకి తీసి చూసేవాడు. సొంత అన్న పంపిన బస్తా అయినా సరే. మంచం మీద కూర్చునే ముందు దుప్పటి ఎత్తి చూసేవాడు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగేవాడు, వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి ఇంకోసారి లాగేవాడు. వాళ్లావిడ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ అరుగు మీద కూర్చుని, "నన్ను మనువాడినప్పుడూ ఇలాగే అటూ ఇటూ లాగి సూసినాడమ్మా" అనేది.

ఎవరైనా ఏదైనా చెబితే ఆయన మొదట అనే మాట ఒక్కటే: "నమ్మీసినావేటి?"

పాలవాడు నీళ్లు కలపలేదన్నాడా? నమ్మీసినావేటి. రైలు సరైన వేళకి వస్తుందన్నారా? నమ్మీసినావేటి. ఒకసారి నేను మా నాన్నకి జ్వరం తగ్గిందని ఉత్తరం వచ్చిందంటే, దానికీ అదే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మూడోనాడు నాన్నకి జ్వరం తిరగబెట్టిందని ఇంకో ఉత్తరం వచ్చింది. అప్పుడు ఇంకా మండింది.

ఆ వేసవిలో నా కారు ఇంజను మాటిమాటికి వేడెక్కి ఆవిర్లు కక్కేది. బజారులో మెకానిక్కు ఇంజను పైమూత విప్పి, దాని కింద అతుకులో పరిచే గాస్కెట్టు కొత్తది వేశానన్నాడు. నెల తిరక్కుండా మళ్లీ ఆవిర్లు. రెండోసారి విప్పి వేశాడు. మళ్లీ అదే. ఒక ఆదివారం పొద్దున్న నేను బానెట్టు ఎత్తి దిక్కులు చూస్తుంటే గోడ అవతలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఆడు బోల్టులు బిగించినప్పుడు నువ్వు సూసినావా?"

"చూశాను బాబాయిగారూ. గట్టిగానే బిగించాడు. స్పానరుకి పొడుగు గొట్టం తగిలించి మరీ బిగించాడు."

"గట్టిగా అంటే ఎంత?"

నేను బానెట్టు కింద బోల్టుల వైపు చూశాను.

"అదీ సంగతి. ఎంతో ఆడికీ తెలీదు." ఆయన గోడ దాటి ఇవతలికి వచ్చాడు. చేతిలో ఒక సన్నటి పొడుగాటి చెక్కపెట్టె ఉంది.

ఆ పెట్టె గురించి నేను అప్పటికే విని ఉన్నాను. మా ఆసుపత్రి కాంపౌండరు చెప్పాడు. యుద్ధం రోజుల్లో ఆయన కలకత్తా దగ్గర ఎక్కడో విమానాలు బాగుచేసే షెడ్డులో పనిచేశాడనీ, వచ్చేటప్పుడు తెల్లవాళ్ల సామాను ఎత్తుకొచ్చాడనీ, అందుకే ఎవరినీ నమ్మడనీ. "దొంగోడికి అందరూ దొంగలే కదండీ" అన్నాడు.

పెట్టె తెరిస్తే లోపల నూనెగుడ్డలో చుట్టి ఒక రెంచి. రెండడుగుల ఉక్కు కాడ. దాని తల దగ్గర మొదలై, కాడ వెంబడే పిడిదాకా వచ్చే సన్నటి ముల్లు. పిడి దగ్గర అంకెలు చెక్కిన పలక. పట్టి లాగితే కాడ వంగుతుంది, ముల్లు వంగదు. కాడ ఎంత వంగితే ముల్లు పలక మీద అంత అంకె చూపిస్తుంది. అంటే నట్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో కంటికి కనబడుతుందన్నమాట.

నేను కొంచెంసేపు చూసి, ఉండబట్టలేక అడిగేశాను. "దీన్ని మీరు దొంగతనం చేశారటగా?"

ఆయన తల ఎత్తలేదు. "అవును. యుద్దవయిపోయాక మంచి మంచి సామాన్లన్నీ గోతిలో పోసి కప్పెట్టీమన్నారు. నానే గొయ్యి తవ్వినాను. ఇదొక్కటి పంచెలో సుట్టి తెచ్చుకున్నాను. దొంగతనం కాదని సెప్పడానికి నాకేటీ దొరకలేదు." గుడ్డతో కాడ తుడిచి ఎండలోకి పట్టి చూశాడు. "దీని తరవాత ఇంకో రకం వచ్చింది. కావలసినంత బిగియగానే టక్కుమని సప్పుడు సేస్తాది. అదీ ఉన్నాది గోతిలో. దాన్ని తేలేదు."

"ఏం?"

"అది పాడైపోయినా టక్కుమంటాది. నీకు తెలీదు. ఇది అలాక్కాదు. కింద పడేసి వంచీసినావనుకో, ముల్లు సున్నా దగ్గర నిలబడదు. తన తప్పు తనే ఒప్పుకుంటాది. అలాటిదాన్నే కొనుక్కోవాల, అలాటిదాన్నే ఎత్తుకెళ్లాల."

ఆ ఆదివారమంతా ఇద్దరం ఇంజను పైమూత విప్పి మళ్లీ వేశాం. పని చేసింది నేను. ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. బోల్టు మరలన్నీ తీగబ్రష్షుతో రుద్దించాడు, ఒక్కొక్క చుక్క నూనె వేయించి మళ్లీ తుడిపించాడు. నడిమి బోల్టుతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటి, బయటికి వెళ్లమన్నాడు. ఒకేసారి బిగించనివ్వలేదు. మొదటి చుట్టు సగం, రెండో చుట్టు ఇంకొంచెం, మూడో చుట్టుకి కారు పుస్తకంలో రాసిన అంకె. ఆ పుస్తకాన్నీ వెంటనే నమ్మలేదు. వెనక అట్టదాకా తిరగేసి, అచ్చుతప్పుల పట్టిక వెతికాడు.

"గుంజకు. మెల్లగా లాగు. మంత్రసాని బిడ్డని లాగినట్టు గుంజితే ముల్లు ఎగిరి పడతాది."

"మంత్రసానులు గుంజరు బాబాయిగారూ."

"నమ్మీసినావేటి? పక్కనుంచి కాదు, మీదనుంచి సూడు ముల్లుని. పక్కనుంచి సూస్తే నీకు కావలసిన అంకె కనబడతాది."

ఆ మాట నేను తరవాత థర్మామీటరు చూసినప్పుడల్లా తలుచుకున్నాను.

కారు బాగుపడింది. నాకూ ఒక పిచ్చి పట్టుకుంది. ఆదివారం వస్తే ఏదో ఒకటి విప్పేదాన్ని. రెంచిని పట్టుకోనిచ్చేవాడు గాని, దానితో ఏ నట్టూ వదులు చేయనిచ్చేవాడు కాదు. "ఇది బిగించడానికే. ఇప్పడానికి వేరే స్పానరున్నాది" అని చేతిలోంచి లాక్కునేవాడు. ఒకసారి ఆ పెట్టె వెనక సీటులో పెట్టుకుని ఇద్దరం వాళ్ల ఊరి నుంచి వస్తుంటే, దారిలో పోలీసులు ఆపారు. కొండల వైపు నక్సలైటు గొడవల రోజులవి. పొడుగాటి పెట్టె చూడగానే కానిస్టేబులు చెయ్యి లాఠీ మీదికి వెళ్లింది. తెరిపించి, రెంచిని అటూ ఇటూ తిప్పి, ముల్లు గోకి, "ఏటిది?" అన్నాడు. ఈయన పూర్తిగా చెప్పాడు. కానిస్టేబులు ఒక్క ముక్కా నమ్మలేదు. నేను ఆసుపత్రి చీటీ చూపిస్తే వదిలాడు. కారు కదిలాక ఆయన మెచ్చుకోలుగా అన్నాడు: "మంచి పోలీసు. నమ్మలేదు సూడు."

ఆ ఏడాది రథసప్తమికి మా అమ్మా నాన్నా అరసవల్లి వస్తామని రాశారు. కారు చక్కగా కనబడాలి కదా. చక్రాలు తుప్పుగా ఉన్నాయని, విప్పించి, ఒక పెయింటరు చేత మీగడరంగు వేయించాను. ఆరిందన్నాడు. బాబాయిగారు ముట్టుకుని చూసి, సరేనని, ఎక్కించి, పదహారు నట్లూ ముల్లు చూసుకుంటూ బిగించాడు. బిగించి, చేతులు కడుక్కుంటూ అన్నాడు, "యాభై మైళ్లు తిరిగేక ఒకపాలి పట్టుకురా. మళ్లా సూస్తాను."

నేను పట్టుకురాలేదు. అమ్మా నాన్నా వచ్చారు, దర్శనం చేసుకున్నారు, వెళ్లారు. వార్డులో పని ఎక్కువైంది. నెల దాటింది.

ఒక పొద్దున్న వంశధార ఒడ్డున ఒక పల్లె నుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. సూరమ్మ అనే పిల్లకి తొలి కాన్పు, బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది, మంత్రసాని చేతులెత్తేసింది. నేను బయల్దేరాను. గార దాటి కళింగపట్నం రోడ్డులో జీడితోటల మధ్య వెళుతుంటే ముందు చక్రం టకటకమంది. నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే కారు ఎడమవైపుకి కూలబడింది. మీగడరంగు చక్రం నా కళ్లముందే దొర్లుకుంటూ పొలంలోకి పోయింది.

నాకు దెబ్బ తగల్లేదు. బ్యాగు పట్టుకుని నడిచాను. కొంతదూరం ఒక ఎడ్లబండి దొరికింది. ఆ పల్లె చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బిడ్డ ఒళ్లు బయటికి వచ్చి, తల లోపలే ఉండిపోయి ఉంది. తీశాను. మగపిల్లవాడు. ఊపిరి లేదు. తల్లిని మాత్రం దక్కించాను. సూరమ్మ మొగుడు, "ఎందుకమ్మా ఇంతసేపు?" అని ఒకే ఒక్క మాట అడిగాడు. "కారు చెడిపోయింది" అన్నాను.

మర్నాడు ఆసుపత్రిలో కాంపౌండరు అన్నాడు. "ఆ చక్రాలు బిగించింది ఎవరండీ? ఆడేగా? కారు మంచిగా ఉంటే ఆడి దగ్గరికి ఎవరెల్తారండీ?"

ఆ మాట నాకు పట్టుకోవడానికి ఒక కొమ్మలా దొరికింది. నేను పట్టుకున్నాను. కారు మంచిగా ఉంటే ఆదివారాలు నేను గోడ దగ్గర నిలబడి ఆయన్ని పిలవను. ఎవరూ నమ్మని మనిషికి నేనొక్కదాన్నే దక్కాను. వదులుకుంటాడా? ఆలోచించిన కొద్దీ అది నిజంలానే కనబడింది. నేను ముల్లుని పక్కనుంచి చూస్తున్నానని నాకు తట్టలేదు.

సాయంత్రం వెళ్లి వాళ్ల అరుగు ముందు నిలబడి అడిగేశాను. "నట్లు మీరు కావాలనే వదులుగా బిగించారా?"

వాళ్లావిడ నోట్లోంచి చుట్ట తీసేసింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం రాలేదు. "ఏటైంది?" అన్నాడు. చెప్పాను, బిడ్డ సంగతి కూడా. ఆయన చెవి వెనక పెన్సిలు తీసి అరుగు మీద పెట్టాడు.

"నా మీద అనుమానం మంచిదే" అన్నాడు. "గానీ వరస తప్పినావు. ముందు సామాన్ని అనుమానించాల. ఆ తరవాత సెయ్యిని. మనిషి బుద్దిని ఆఖర్న."

పెట్టె తెచ్చాడు. రెంచి తలని వైసు అనే ఇనప పట్టులో బిగించి, కాడ అడ్డంగా నిలిపాడు. వీధిలో కిరాణా కొట్టు నుంచి పదికిలోల తూకపురాయి అడిగి తెచ్చి, సరిగ్గా అడుగు దూరం కొలిచి తాడుతో వేలాడదీశాడు. పది కిలోలంటే ఇరవై రెండు పౌన్లు, కాబట్టి కాడ బరువు తీసేయగా ముల్లు ఇరవై రెండు దగ్గర నిలవాలి. ఇరవైన్నర దగ్గరే ఆగింది. ఆయన రాయి దించి మళ్లీ వేలాడదీశాడు, అదే అంకె. తరవాత పోస్టాఫీసుకి వెళ్లి ఇంకో రాయి, రేషను డిపోకి వెళ్లి ఇంకో రాయి తెచ్చాడు. ఆ రెండింటికీ ముల్లు ఇరవై రెండు దగ్గర కదలకుండా నిలబడింది.

"ఆ కొట్లో కందిపప్పు కొనీకు" అన్నాడు. "రెంచి బాగానే ఉన్నాది. ఇంక నా సెయ్యి."

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని, బస్సులో కారు పడి ఉన్న చోటికి వచ్చాడు. ఒక రైతు ఆ చక్రాన్ని జాగ్రత్త చేసి గట్టు మీద పెట్టాడు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని నట్టు కన్నాల చుట్టూ వేలితో తడిమాడు. రంగు మందంగా, మెత్తగా ఉంది. నట్టు కూర్చున్న చోట వలయంలా నలిగి ఊడిపోయింది.

"రంగు మీద బిగించినాను" అన్నాడు. "ముల్లు సరిగ్గానే సూపించింది. ముల్లుకి రంగేటి తెలుసు, ఇనపేటి తెలుసు? బండి తిరిగింది, రంగు నలిగింది, నట్టు ఒదులైపోయింది. కన్నాల దగ్గర గోకీసి బిగించాల. గోకలేదు." చక్రం పక్కన పెట్టి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. "ముల్లుని నమ్మీసినాను."

యాభై మైళ్ల మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నేను ఎత్తకపోవడం ఆయన గమనించాడనే అనుకుంటాను.

కాసేపటికి అడిగాడు. "నువ్వు టయానికి ఎల్లుంటే ఆ బిడ్డ బతికుండునా?"

"తెలీదు బాబాయిగారూ. బతికేవాడేమో. ఎదురుకాళ్ల కాన్పు, చెప్పలేం."

"తెలిసినట్టు సెప్పలేదు. మంచిది" అని లేచాడు.

కన్నాల చుట్టూ రంగంతా మెరిసేదాకా గీకి, దొరికిన ఒక్క నట్టుతో, మిగతా మూడు చక్రాల నుంచి ఒక్కొక్కటి తీసిన నట్లతో చక్రం ఎక్కించాం. ఇంటికి వస్తూ నాలుగుచోట్ల ఆపించి, దిగి, నాలుగు చక్రాలూ చూశాడు. ఆ తరవాత ఆదివారాలు మామూలుగానే గడిచాయి. కాని నేను అడిగిన ప్రశ్నకి క్షమాపణ చెప్పలేదు. ఆయన కోరనూ లేదు.

ఏడాదిన్నర తరవాత సూరమ్మ రెండో కాన్పుకి మా ఆసుపత్రికే వచ్చింది. ఈసారి ముందుగానే వచ్చి చేరింది. ఆడపిల్ల, ఏ ఇబ్బందీ లేకుండా పుట్టింది. రెండోరోజు నేను బిడ్డ బొడ్డు చూస్తుంటే, సూరమ్మ మాటల్లో మాటగా అడిగింది.

"ఆ ముసలాయన బాగున్నాడా అమ్మా?"

"ఏ ముసలాయన?"

"సక్రం ఆయన. అప్పుడు మా ఇంటికొచ్చినాడు కదేటి. నీకు తెలీదా?"

నాకు తెలీదు. ఆమె చెప్పింది. బిడ్డ పోయిన పది రోజులకి ఆయన ఒక్కడూ బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ వాళ్లింటికి వచ్చాడు. "ఆ బండి సక్రం బిగించింది నాను. ఒదులైంది నా పని వల్ల" అన్నాడు. సూరమ్మ మొగుడు కర్ర ఎత్తాడు. ఆయన కదల్లేదు. కర్ర దించాక కూడా వెళ్లలేదు. గుమ్మం బయట ఎండలోనే పొద్దువాలేదాకా కూర్చున్నాడు.

"నాకే జాలేసి మంచినీల్లిచ్చినానమ్మా. గలాసు ఎండకి పెట్టి, తిప్పి తిప్పి సూసి, అప్పుడు తాగినాడు" అంది సూరమ్మ. అంటూ కొంచెం నవ్వింది.

"ఇంకేమన్నా అన్నాడా? నా గురించి?"

"లేదమ్మా. నీ మాటే ఎత్తలేదు."

ఆ సాయంత్రం గోడ దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. "వాళ్లింటికి ఎందుకు వెళ్లారు? నాకు చెప్పకుండా?"

"నువ్వు ఆళ్లకి సెప్తావని నమ్మకం లేదు" అన్నాడు.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఏడాదిన్నర అయింది. నేను చెప్పలేదు కదా. కారు చెడిపోయింది, అంతే చెప్పాను.

"మరి నేను బండి పట్టుకురాని సంగతి? అది కూడా చెప్పాల్సింది."

"అది నీది" అన్నాడు ఆయన. "నాది నాను సెప్పుకున్నాను."

అని వెళ్లి, తలుపు తాళం లాగి చూసుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్న వార్డుకి వెళ్లి సూరమ్మ మంచం పక్కన కూర్చున్నాను. పిల్లని ఎప్పటిలా నా చేతుల్లో పెట్టింది. పెట్టాక చెప్పాను. చక్రాలకి రంగు వేయించింది నేను. ఒకసారి పట్టుకురమ్మని ఆయన అన్నాడు. నాకు బద్ధకం, పని, ఏదో ఒకటి. పట్టుకెళ్లలేదు. పట్టుకెళ్లి ఉంటే ఆయన చూసేవాడు, ఆ చక్రం ఊడేది కాదు.

సూరమ్మ వింది. చేతులు చాపి పిల్లని నా దగ్గర నుంచి తీసుకుంది. తీసుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు నేను వెళితే బిడ్డని తనే ఎత్తి పట్టుకుని చూపించింది గాని, నా చేతికి ఇవ్వలేదు. ఆ తరవాతి రోజూ అంతే.

ఆ మర్నాడు ఇంటికి పంపించాలి. కాగితాలు రాసి ఇచ్చాను. మొగుడు మూట సర్దుతున్నాడు. సూరమ్మ చీర కొంగు సరిచేసుకోవాలని చుట్టూ చూసింది. పక్కన నర్సు ఉంది, ఎదుటి మంచం మీద ఒక ముసలామె ఉంది. వాళ్లిద్దరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చి, "కూసింతసేపు పట్టుకో అమ్మా" అని పిల్లని నా చేతుల్లో పెట్టింది.